కర్నూలు ఎండల్లో సమ్మర్ క్లాసులు: అమ్మాయిల హాస్టల్ గేటు 6:30కే మూయాలా?

హాస్టల్ పిల్ల:
మాది కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీ, పేరు వద్దు. మే నెలంతా బ్యాక్‌లాగ్ క్లాసులు, ఫస్టియర్ వాళ్లకు సీఎస్‌పీ (కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్) సర్వేలు. అందుకే సెలవుల్లోనూ హాస్టల్ నడుస్తోంది. పొద్దున 8 నుంచి ఒంటిగంట దాకా క్లాసు. ఆ తర్వాత 42, 43 డిగ్రీల ఎండలో బయట కాలు పెట్టలేం. సాయంత్రం 6 దాటితే గానీ కాస్త గాలి ఆడదు. సరిగ్గా 6:30కి మా గేటుకు తాళం పడుతుంది. మేలో ఇక్కడ పొద్దు గుంకేదే దాదాపు 6:40కి, అంటే వెలుతురు ఉండగానే లోపలికి పోవాలి. అదే కాలేజీ అబ్బాయిల హాస్టల్‌కు 9:30.

మా గది పై అంతస్తులో ఉంది. పగలంతా కాలిన శ్లాబు రాత్రి 10 అయినా చల్లబడదు, ఫ్యాను వేస్తే వేడిగాలే. బకెట్లతో గచ్చు మీద నీళ్లు పోసి, దాని మీదే తువ్వాలు పరుచుకుని పడుకుంటాం. నలుగురం నాలుగు గోడల వైపు తిరిగి ఫోన్లు చూసుకుంటాం. ఒకే గదిలో ఉంటూ మాట్లాడుకునేది తక్కువ. రాజ్‌విహార్ దాకా నడిచి నన్నారి తాగి రావాలని, గ్రౌండులో షటిల్ ఆడాలని ఉంటుంది. ఇందులో తప్పేముంది? మీరంతా ఏమంటారు?

ఆదోని నాన్న:
అమ్మా, నీ బాధ అర్థమైంది. మా పాప కూడా కర్నూలు హాస్టల్‌లోనే ఉంది. కానీ ఒక్క మాట. వేసవిలో కాలేజీలో చాలామంది ఉండరు, దారులు ఖాళీగా ఉంటాయి. చీకటి పడ్డాక మూడు వందల మంది తిరిగే క్యాంపస్ వేరు, ముప్పై మంది ఉన్న క్యాంపస్ వేరు. నేను ఆదోనిలో ఉండి ఏం చేయగలను? గేటు మూశారని తెలిస్తేనే నాకు నిద్ర పడుతుంది. స్నేహితులతో కబుర్లకు రోజంతా ఉంది కదా.

బి క్యాంపు కుర్రాడు:
అన్నా, ప్రమాదం గురించే అయితే మా సంగతి కూడా చెప్పాలి. మా అబ్బాయిల హాస్టల్‌లో 9:30 దాకా ఎవరూ అడగరు. క్లాసు అయిపోతే ఒక బండి మీద ముగ్గురం ఎక్కి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు పోతాం. ఇంకొందరు తుంగభద్రలో ఈతకు దిగుతారు. ఎండాకాలం నది ఎండినట్టే కనిపిస్తుంది గానీ ఇసుక తోడిన గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. అడుగు తీసి అడుగు వేస్తే లోతు. ఈతకు పోయి మునిగిన కుర్రాళ్ల వార్తలు ప్రతి వేసవీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అయినా మా గేటు గురించి ఏ నాన్నా ఫోన్ చేసి అడగడు. భయం నిజమే, కానీ దాన్ని ఒక్క గేటు దగ్గరే ఎందుకు పెట్టుకున్నాం?

పాత వార్డెన్:
అమ్మాయిల హాస్టల్‌లో వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. రెండు వైపులా చూశాను కాబట్టి రాస్తున్నా.

గేటు వేసేది పిల్లల మీద నమ్మకం లేక కాదు. సెలవుల్లో వంటవాళ్లు సగం మంది ఊర్లకు పోతారు, వాచ్‌మన్ ఒక్కడే మిగులుతాడు. ఉన్న వంటమనిషి బస్సు పట్టుకోవాలంటే 7కే భోజనాలు పెట్టాలి, అంతకు ముందే హాజరు తీసుకోవాలి. 6:30 అలా వచ్చింది. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టిన టైము కాదు. రాత్రి ఏం జరిగినా మొదట ఫోన్ మోగేది వార్డెన్‌కే. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

నేనున్నప్పుడు మిద్దెపై తలుపు తాళం తీయించాను. సాయంత్రం నీళ్లు చల్లి, ఆరాక చాపలు పరిచేవాళ్లు. ఇళ్ల నుంచి తెచ్చుకున్న నిప్పట్లు, బొరుగుల ఉండలు మధ్యలో పెట్టుకుని అంత్యాక్షరి ఆడేవాళ్లు. నంద్యాల పిల్ల, ఆలూరు పిల్ల, ఆత్మకూరు పిల్ల అంతా ఒకే చాప మీద. పరీక్ష పోయిందని ఏడ్చే పిల్ల కూడా అక్కడికొచ్చి కూర్చుంటే తేరుకునేది. గేటు సంగతి తేలేలోపు కనీసం మిద్దె తెరిపించుకోండి. పిట్టగోడ ఎత్తుగా ఉందో లేదో ముందు చూడండి.

హాస్టల్ పిల్ల:
మేడమ్, మా మిద్దెకూ తాళమే. అడిగితే, పక్క బిల్డింగుల నుంచి చూస్తారన్నారు. చూసేవాళ్లు వాళ్లు, లోపల ఉండాల్సింది మేము.

ఇంకో విషయం. లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తెచ్చిన 2015 నిబంధనల్లో స్పష్టంగా ఉంది: భద్రత పేరు చెప్పి, అబ్బాయిలకు లేని ఆంక్షలు అమ్మాయిల హాస్టళ్లలో పెట్టకూడదని. అందులోనే క్యాంపస్‌లో సరిపడా లైట్లు ఉండాలని, సెక్యూరిటీలో ఆడవాళ్లు కూడా తగినంత మంది ఉండాలని రాశారు. ఆదోని అంకుల్ చెప్పిన ఖాళీ దారులకు జవాబు అదే కదా. మా హాస్టల్ నుంచి గ్రౌండుకు పోయే దారిలో లైట్లు వెలగవు. లైటు వేయించడం కంటే తాళం వేయడం చౌక, అందుకే తాళం వేశారు.

నందికొట్కూరు అక్క:
నాకు కర్నూలులో చదువుకున్న రోజులంటే మొదట గుర్తొచ్చేది సాయంత్రం కొండారెడ్డి బురుజు వైపు ముగ్గురం నడిచిన నడక. ఉద్యోగం, పిల్లలు వచ్చాక కూడా నిలిచిన స్నేహాలు అవే. "కబుర్లకు రోజంతా ఉంది" అన్నారు అన్నా, క్లాసులో పక్కపక్కన కూర్చోవడం వేరు, పని లేకుండా పక్కపక్కన నడవడం వేరు. అది మా అమ్మాయికి కూడా దొరకాలి.

ఆదోని నాన్న:
ఆ లైట్ల సంగతి నాకు తెలియదమ్మా. పాపను అడిగితే వాళ్ల దగ్గర కూడా అంతేనంది. సోమవారం ఫీజు కట్టడానికి కర్నూలు వస్తున్నా. లైట్లు, ఆడ సెక్యూరిటీ, మిద్దె తలుపు, ఈ మూడూ రాసి ప్రిన్సిపాల్‌కు ఇస్తా. గేటు 8 దాకా అని కూడా రాస్తా. 9:30కి మాత్రం నేను ఒప్పుకోను.

హాస్టల్ పిల్ల:
థాంక్యూ అంకుల్. 8 అయితే 8 అనే రాయండి, కానీ అబ్బాయిలకూ 8 అని రాయండి. మా వాళ్లవి సంతకాలు నేను ఈ రాత్రే మొదలుపెడుతున్నా.

బి క్యాంపు కుర్రాడు:
మా హాస్టల్ సంతకాలు నేను తెస్తా. 8 అంటే కొందరు గొడవ చేస్తారు, అయినా అడుగుతా.