తులంబెన్‌ల మునిగిన లిబర్టీ అనే షిప్: ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ సరిపోతదా?

హన్మకొండ పోరడు:
అన్నలూ, డిసెంబర్‌ల ఇంటోళ్లతోని బాలి పోతున్నం, తులంబెన్‌ల మునిగిన కార్గో షిప్ చూడాలని మస్తు ఆశ ఉంది. స్కూబా డైవింగ్‌ల మొదటి మెట్టు, ఓపెన్ వాటర్ కోర్స్ అయిపోయింది, గని ఈత చెరువుల నేర్సుకున్నోణ్ణి, సముద్రం కొత్త. దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్స్ కూడ చెయ్యాల్నా?

కాజీపేట డైవర్:
అవసరం లేదు తమ్మీ. షిప్ 5 మీటర్ల కాంచి దాదాపు 30 మీటర్ల దాంక ఒరిగి ఉంటది, ఓపెన్ వాటర్ తోని నీ లోతు లిమిట్ 18 మీటర్లు గదా, అండ్లనే చూసేది బోలెడుంది. బోటు అక్కర్లే, ఒడ్డు నుంచే దిగుడు, గని ఇసుక కాదు అంత గుండ్రటి నల్ల రాళ్లు, అల వెనక్కి పోంగ కాళ్ల కింద గలగల జారుతయి, అందుకే బూట్లు ఏస్కొని గైడ్ చెయ్యి పట్టుకొని నడువు, నడుం లోతుకు పోయినంకనే ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) తొడుగు. తెల్లారంగనే దిగు, నుదురు ఉబ్బిన పెద్ద పెద్ద బంప్‌హెడ్ చేపల గుంపు అప్పుడే కనబడుతది. డిసెంబర్ వానల టైం, నీళ్లు జర మసకగ ఉండొచ్చు.

వరంగల్ అక్క:
దాని కథ తెలుసుకొని పో తమ్ముడూ, చూసుడే వేరేగ ఉంటది. 1942 జనవరిల జపాన్ సబ్‌మెరైన్ టార్పెడో కొడితే ఒడ్డుకు తెచ్చి ఆపిండ్రు, 1963ల అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలకు జారింది. ట్రైనింగ్ లేకుండ షిప్ లోపలికి మాత్రం అస్సలు పోకు, తుప్పు పట్టిన ఇనుము. ఇంకోటి, ఆఖరి డైవ్ అయినంక కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కొద్దు, డైవ్‌ల ఒంట్ల చేరిన నైట్రోజన్ పోవాలె.

హన్మకొండ పోరడు:
థ్యాంక్స్ అక్కా, రిటర్న్ టికెట్ ఒకరోజు ముందుకు జరుపుకుంట.

కాజీపేట డైవర్:
ముందుకు కాదు తమ్మీ, వెనక్కి!