స్వచ్ఛంద సంస్థపై పడే ప్రభావాన్ని దేనితో కొలవాలి?

అనంతపురంలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్న నాకు, ప్రభుత్వ, ప్రైవేటు, స్వచ్ఛంద సంస్థలపై వ్యాపార పర్యావరణ ప్రభావం (అంటే చట్టాలు, ప్రభుత్వ విధానాలు, గిరాకీ వంటి బయటి పరిస్థితుల ప్రభావం) ప్రాజెక్టు అంశంగా వచ్చింది. 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆర్టీసీ ఆ మేరకు టికెట్టు రాబడికి బదులు ప్రభుత్వ చెల్లింపులపై ఆధారపడుతోంది. పెనుకొండ దగ్గరి కియా వంటి ప్రైవేటు కంపెనీ గిరాకీని బట్టి ఉత్పత్తిని మార్చుకుంటుంది, ఇంతవరకు తేలికే.

చిక్కంతా స్వచ్ఛంద సంస్థల దగ్గరే వచ్చింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించి, ఆ నిధులను మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది గనుక, పెద్ద సంస్థల ద్వారా ఆ డబ్బు అందుకునే చిన్న సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. లాభమే లక్ష్యం కాని చోట ఈ దెబ్బను లబ్ధిదారుల సంఖ్యతో కొలవాలా, ఆగిపోయిన కార్యక్రమాలతోనా? ఇలాంటి సంస్థల లెక్కలు చూసిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.