అప్‌డేట్: టక్టొయాక్టక్ పింగోలు 30 మీటర్ల రాడార్ డెమ్‌లో కనిపించాయి

నేనడిగింది ఇదీ: కోపర్నికస్ డెమ్‌లో (రాడార్‌తో కొలిచిన నేల ఎత్తుల డిజిటల్ పటం) శ్రీకాకుళం టైల్ (పటంలో ఒక డిగ్రీ ముక్క) మీద చక్కగా వచ్చే హిల్‌షేడ్ (ఎత్తుపల్లాలను వెలుగునీడలతో చూపే చిత్రం), అవే సెట్టింగులతో కెనడా ఆర్కిటిక్‌లోని టక్టొయాక్టక్ దగ్గర ఎందుకు చెడిపోతోంది, పింగోలు (లోపల మంచు పేరుకుని ఉబ్బిన దిబ్బలు) అందులో తేలతాయా అని. దారి చూపిన అందరికీ ధన్యవాదాలు. తేలాయి.

తేడా అంతా అక్షాంశంలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం రెండూ పడే టైల్‌లో రేఖాంశం ఒక డిగ్రీ అంటే సుమారు 105 కిలోమీటర్లు. టక్టొయాక్టక్‌లో 39. పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో, డిగ్రీకి ఎటు చూసినా ఇన్నే మీటర్లని లెక్కేసే 111120 స్కేలు ఇస్తే మన దగ్గర కంటికి ఆనదు, అక్కడ మాత్రం తూర్పు పడమర వాలు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ముందుగా డెమ్‌ను యూటీఎం (డిగ్రీల్లో కాక మీటర్లలో కొలిచే పట పద్ధతి) జోన్ 8 ఉత్తరానికి, 25 మీటర్ల పిక్సెల్‌తో, బైలీనియర్‌లో (చుట్టూ ఉన్న పిక్సెళ్ల విలువలు కలిపి లెక్కగట్టే పద్ధతి) మార్చుకోండి. నియరెస్ట్ నెయిబర్ (దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునే పద్ధతి) పెడితే మెట్లు మెట్లుగా చారలు పడతాయి.

ఆ తర్వాత 500 మీటర్ల పరిధి సగటు ఎత్తును అసలు ఎత్తులోంచి తీసేయండి. సుమారు 49 మీటర్ల ఎత్తు, అడుగున 300 మీటర్ల వెడల్పు ఉన్న ఇబ్యుక్ పింగో గుండ్రంగా, స్పష్టంగా బయటపడుతుంది. 60 మీటర్ల వెడల్పు దిబ్బలకు దక్కేది రెండు మూడు పిక్సెళ్లే, వాటిని ఈ డేటాతో లెక్కపెట్టొద్దు.

అసలు చిక్కు చెరువు గట్లతో. ఈ డెమ్‌లో నీటిమట్టాన్ని చదును చేసి ఉంచారు కాబట్టి, పక్కనున్న గట్టు కూడా దిబ్బలాగే లేస్తుంది. పొడుగ్గా, ఒడ్డు వెంబడే సాగితే అది గట్టే. వేసవిలో తీసిన సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంతో సరిచూసుకోవాల్సిందే.

ఆర్కిటిక్‌డెమ్ అనే మరో ఎత్తుల పటం 2 మీటర్లదే గానీ అది రాడార్ కాదు, ఆప్టికల్ స్టీరియో (జంట ఉపగ్రహ ఫొటోల నుంచి కట్టిన ఎత్తులు). దాని ఎత్తులు ఎలిప్సాయిడ్ (భూమికి గణితం ఇచ్చే నున్నటి ఆకారం) నుంచి, కోపర్నికస్‌వి ఈజీఎం2008 జియాయిడ్ (సగటు సముద్రమట్టానికి దగ్గరి ఉపరితలం) నుంచి. మార్చకుండా ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేయొద్దు.