1996 మారుతి 800: బానెట్ సున్నం కొట్టినట్టు తెల్లబడింది, పాలిష్‌తో ఎరుపు తిరిగొస్తుందా?

గుంటూరు ఎర్రబండి:
నాన్నగారు కొన్న బండి. ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. షెడ్డు లేక కొన్నేళ్లుగా ఆరుబయటే ఉంది. తలుపులు ఎర్రగానే ఉన్నాయి గానీ బానెట్, టాపు వెలిసిపోయి పొడి తేలాయి. చెయ్యి ఆనిస్తే అరచేతికి ఎరుపు అంటుతోంది. ఫుల్ పెయింటింగ్‌కి 38,000 అడిగారు. బండి అమ్మినా అంత వస్తుందో రాదో! నాన్నగారేమో కంపెనీ పెయింటు తీయించొద్దంటారు. రబ్బింగ్, పాలిష్‌తో సరిపోతుందా?

తెనాలి బుల్లోడు:
తెల్ల టూత్‌పేస్టుతో రుద్ది పైన కొబ్బరినూనె రాయండి బ్రో. మా స్కూటర్ తళతళలాడింది.

పాత షెడ్డు, బెజవాడ:
ఆ తళతళ దుమ్ము పట్టేదాకే తమ్ముడూ. పాత బండ్లు అమ్మేవాళ్లు డీజిల్ గుడ్డతో తుడిచేదీ అందుకే, బేరం కుదిరేదాకా మెరిస్తే చాలు వాళ్లకి.

గుంటూరు బాబూ, చేతికి ఎరుపు అంటిందంటే నీకు మంచి కబురే. నీ బండికి పైన క్లియర్ కోటు (రంగు మీద కొట్టే పారదర్శక పొర) లేదు, రంగే పై పొర. రంగుపొడిని పట్టి ఉంచే రెజిన్ ఎండకి చితికిపోతే ఆ పొడి వదులై పైకి తేలుతుంది. టాపు, బానెట్ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంది కాబట్టి ముందు అవే పోతాయి. చచ్చింది పైన పల్చటి పొరే. నీళ్లు చల్లి చూడు, తడి మీద ముదురు ఎరుపు కనిపిస్తే కింద రంగు బతికే ఉంది.

ఇక పని. బండి నీడలో ఉండాలి, రేకు చల్లగా ఉండాలి. షాంపూతో కడిగి, క్లే బార్ (మురికిని పట్టి లాగే మెత్తటి ముద్ద) నీళ్లతో జారుస్తూ తిప్పితే నీళ్లకి పోని మురికి వస్తుంది. అంచులకీ, బానెట్ మడత గీతలకీ, నల్ల రబ్బర్లకీ మాస్కింగ్ టేపు వెయ్యి. అంచుల మీద పెయింటు పల్చగా ఉంటుంది, పాలిషింగ్ మిషన్ అక్కడే కోసేస్తుంది. ప్రైమరుతో (రంగు కింద కొట్టే పూత) కలిపి మొత్తం మందం మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ, అందుకే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) జోలికి అసలు వెళ్లకు. ముందు సన్న రకం కాంపౌండ్‌తో (రబ్బింగ్ పేస్టు) ఒక మూల చేసి చూడు, చాలకపోతేనే మోటు రకం. స్పీడు తక్కువ పెట్టి, రెండడుగుల చదరం చొప్పున చెయ్యి. ప్యాడ్ ఎర్రగా నిండిపోతుంది, కంగారుపడకు, మాటిమాటికీ బ్రష్‌తో దులుపు. ఆ పొడి పేరుకుంటే గీతలు పడతాయి. తర్వాత మెత్తటి స్పాంజితో పాలిష్, చివర వ్యాక్స్. వ్యాక్స్ మానేస్తే మళ్లీ పొడి తేలడానికి ఎన్నో నెలలు పట్టదు.

ఫుల్ పెయింటింగ్‌ల మీదే బతికినవాణ్ణి, అయినా చెబుతున్నా: కంపెనీ ఓవెన్‌లో కాల్చిన పెయింటు గట్టిదనం షెడ్డులో ఆరబెట్టినదానికి రాదు. మీ నాన్నగారి మాటే రైటు.

కరీంనగర్ సాంత్రో:
అన్నా, నాది సిల్వర్ మెటాలిక్. టాపు మీద పొక్కులు లేసి పొరలు పొరలుగ ఊడుతున్నది. గిదే పద్ధతి నడుస్తదా?

పాత షెడ్డు, బెజవాడ:
నడవదు. మెటాలిక్‌కి పైన క్లియర్ కోటు ఉంటుంది, ఊడేది అదే. ఊడిన చోట మిషన్ పెడితే కింద సిల్వర్ కూడా లేచిపోతుంది. టాపు ఒక్కటీ గీకించి మళ్లీ కొట్టించు. షేడు కాస్త తేడా వచ్చినా టాపు మీద అంతగా కనపడదు.

గుంటూరు ఎర్రబండి:
గురువుగారూ, బానెట్ మూల చేసి చూశా. సన్న కాంపౌండ్‌కే ఎరుపు తేలింది! నాన్నగారు కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు. కాకపోతే టాపు అంచున, నేనింకా ముట్టుకోని చోట, బెత్తెడు పొడవున బూడిద రంగు గీత ఉంది. దాన్నేం చెయ్యాలి?

పాత షెడ్డు, బెజవాడ:
అది ప్రైమర్, అక్కడ రంగు అయిపోయింది. దాని మీద టేపు వేసి మిగతాది కానిచ్చెయ్. పెట్రోలు ట్యాంకు డోరు విప్పి, దానికీ ఇదే పాలిష్ చేసి, పెయింటు కలిపేవాడికి చూపించు. ఆ షేడుతో సన్న బ్రష్ పెట్టి టచప్ చేసుకో. ఇదంతా వ్యాక్స్‌కి ముందే అయిపోవాలి, వ్యాక్స్ మీద రంగు పట్టదు.