కిమ్ ఇల్ సుంగ్‌ని గద్దెనెక్కించింది స్టాలినా, సొంత సత్తానా?

పాతపేజీలు:
ఉత్తర కొరియా అనగానే మనవడు కిమ్ జోంగ్ ఉన్, అతని క్షిపణులే గుర్తొస్తాయి. నా ప్రశ్న తాత కిమ్ ఇల్ సుంగ్ గురించి. 1945 ఆగస్టులో, అప్పటిదాకా కొరియాను ఏలుతున్న జపాన్ చేతులెత్తేస్తుంటే, ఇద్దరు అమెరికన్ అధికారులు రాత్రికి రాత్రి మ్యాపు ముందేసుకుని 38వ అక్షాంశం దగ్గర కొరియాను రెండు చేశారు. పై సగం రష్యన్లకి, కింది సగం అమెరికన్లకి. సెప్టెంబర్ 19న వొన్సాన్ రేవులో సోవియట్ ఓడ దిగిన 33 ఏళ్ల ఎర్రసైన్యం కెప్టెన్ మూడేళ్లకు ప్రధాని అయ్యాడు. జపాన్‌ని ఓడించిన ఆ చివరి యుద్ధంలో అతని పాత్రే లేదు, అప్పుడు రష్యాలోని ఖబరోవ్స్క్ దగ్గర శిబిరంలో ఉన్నాడు. స్టాలిన్ కూర్చోబెట్టాడు, ఇతను కూర్చున్నాడు. ఇందులో చర్చకేముంది అంటాను.

ఎర్రమందారం:
చర్చకి చాలా ఉంది పాతపేజీలు గారూ. ఖబరోవ్స్క్ నుంచే కథ మొదలుపెడితే ఎలా? 1930ల్లో చైనా ఈశాన్యంలోని మంచూరియా అడవుల్లో జపాన్ సైన్యంతో పోరాడిన మనిషి అతను. 1937 జూన్‌లో సరిహద్దు దాటి పోచోన్బో ఊరి మీద దాడి చేశాడు. చిన్న దాడే, కానీ కొరియా పత్రికల్లో పడి పేరు మారుమోగింది. ఆ తర్వాత జపాన్ వాళ్లు గెరిల్లాలను వేటాడి తుడిచిపెడుతుంటే 1940లో రష్యాలోకి తప్పుకున్నాడు. బతికి బయటపడ్డ కొద్దిమంది నాయకుల్లో ఒకడు. రష్యన్లు దారినపోయే వాణ్ని తెచ్చి కూర్చోబెట్టలేదు.

ఇక భూసంస్కరణ. 1946 మార్చిలో ఐదు చోంగ్బోలు, అంటే సుమారు పన్నెండెకరాలు, దాటిన భూమిని పరిహారం ఇవ్వకుండా తీసుకుని ఏడు లక్షల పైచిలుకు కుటుంబాలకు పంచారు. నెల తిరక్కుండా పని అయిపోయింది. కౌలురైతుకి దొర పోయి చేతికి పట్టా వచ్చాక, ఇచ్చినవాడి వెనక ఎవరున్నారన్నది పట్టింపా?

గోదారిగట్టు:
పట్టా వచ్చింది నిజమే, అమ్ముకునే హక్కు మాత్రం రాలేదు. 1958కల్లా ఆ భూములన్నీ సమష్టి క్షేత్రాల్లో కలిపేశారు. అది కూడా చెప్పండి.

చో మాన్ సిక్ పేరు ఇద్దరూ ఎత్తలేదేం? ప్యాంగ్యాంగ్‌లో అప్పటికి అందరికన్నా పెద్దమనిషి ఆయన. క్రైస్తవుడు, స్వదేశీ వస్తువులే వాడాలని 1920ల్లో ఉద్యమం నడిపినవాడు, జనం కొరియా గాంధీ అనేవారు. రష్యన్లు కూడా ముందు ఆయన్నే పట్టుకున్నారు. 1945 డిసెంబర్‌లో అగ్రరాజ్యాలు మాస్కోలో కూర్చుని కొరియాను ఐదేళ్ల దాకా ధర్మకర్తల పాలనలో ఉంచుదామన్నాయి. ఆయన ససేమిరా అన్నాడు. జనవరిలో హోటల్లో నిర్బంధించారు, మళ్లీ బయటికి రాలేదు. ఫిబ్రవరిలో తాత్కాలిక ప్రజా కమిటీకి అధ్యక్షుడు ఎవరయ్యారో తెలుసుగా. ఎదురుగా ఉన్నవాణ్ని వేరేవాళ్లు లోపలేస్తే దాన్ని సొంత సత్తా అనరండీ.

మూసీఒడ్డు:
స్టాలిన్ అండ లేకపోతే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. అదే 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటం కూడా దొరల భూములు పంచింది. 1951 ఫిబ్రవరిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యలతో సహా నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ని కలిశారు. చైనా వాళ్లకి మంచూరియా వెనకదన్నుగా ఉంది, మీకు అలాంటిదేదీ లేదన్నాడాయన. ఆ అక్టోబర్‌కల్లా పోరాటం విరమించారు. భూమి పంచడం రెండుచోట్లా జరిగింది. ఎర్రసైన్యం ఒక్కచోటే ఉంది.

కొత్తపాఠకురాలు:
మూసీఒడ్డు గారి పోలిక బాగుంది, కానీ సైన్యం ఎక్కించగలదు, అర్ధశతాబ్దం కూర్చోబెట్టలేదు కదా! సైన్యంకన్నా ఆ 38వ అక్షాంశం గీతే ఎక్కువ పనిచేసిందని నా లెక్క. కమ్యూనిస్టుల్లో అసలు పెద్ద నాయకుడు పాక్ హోన్ యోంగ్. ఆయన పార్టీ, కార్యకర్తలు అంతా సియోల్‌లో, అంటే అమెరికన్ల చేతికింద. అరెస్టు వారెంటు వస్తే 1946లో ఉత్తరానికి పారిపోయాడు. కాళ్లకింద నేల లేని నాయకుడు అయిపోయాడు. భూమి పోయిన దొరలు, పాస్టర్లు, చదువుకున్నవాళ్లు లక్షల్లో దక్షిణానికి వెళ్లిపోయారు. తిరగబడాల్సినవాళ్లే ఊరు ఖాళీ చేస్తే పాలించడానికి టెన్షన్ ఏముంటుంది? అఖండ కొరియాలో ఎన్నిక జరిగి ఉంటే కిమ్ పేరు ఏ మూలో ఉండేది.

పాతపేజీలు:
గీత గీసిందీ, కాపలా కాసిందీ పెద్ద దేశాలేగా. 1950 జూన్ 25న దక్షిణం మీదికి దండెత్తడానికి కూడా స్టాలిన్ సరే అనేదాకా ఆగాడు. తీరా అక్టోబర్‌కల్లా ప్యాంగ్యాంగే పోయింది. చైనా సైన్యం రాకపోతే 1950లోనే కథ ముగిసేది. స్టాలిన్ చేతిలో బొమ్మ అంటున్నది అందుకే.

కొత్తపాఠకురాలు:
బొమ్మే అయితే 1956 ఎలా జరిగిందో చెప్పండి. యుద్ధం బెడిసికొట్టిన తప్పు కిమ్‌ది, శిక్ష పాక్ హోన్ యోంగ్‌కి పడింది. అమెరికా గూఢచారి అని ముద్రవేసి 1955 డిసెంబర్‌లో మరణశిక్ష వేశారు. మరుసటి ఆగస్టులో చైనా నుంచి, రష్యా నుంచి వచ్చిన కొరియన్ నాయకులు వ్యక్తిపూజ ఆపమని పార్టీ సమావేశంలోనే నిలదీస్తే వాళ్లని గెంటేశాడు. మాస్కో నుంచి సోవియట్ నేత మికోయాన్, బీజింగ్ నుంచి చైనా రక్షణ మంత్రి పెంగ్ దెహ్వై దిగి, వాళ్లని వెనక్కి తీసుకోమన్నారు. సరేనన్నాడు. ఇద్దరూ విమానం ఎక్కి వెళ్లాక ఒక్కొక్కర్నీ ఏరేశాడు. అప్పటికి చైనా సైన్యం ఇంకా ఆయన దేశంలోనే ఉంది!

గోదారిగట్టు:
దక్షిణంలో సింగ్‌మన్ రీ కూడా అమెరికా విమానంలో దిగి, జపాన్ వాళ్ల కింద పనిచేసిన పోలీసులనే పక్కన పెట్టుకుని ఏలాడు. ఆయన్ని 1960లో విద్యార్థులు వీధుల్లోకొచ్చి దించేశారు. ఉత్తరంలో అలా వీధుల్లోకొచ్చింది 1945 నవంబర్‌లో సినూయిజు పట్టణ విద్యార్థులు. వాళ్ల మీద కాల్పులు జరిగాయి. మిగిలినవాళ్లలో చాలామంది మీరన్న ఆ గీత దాటేశారు.