అప్‌డేట్: బెల్టు మీద నెమలి ఎట్టకేలకు నిలబడింది

పోయిన నెల అడిగాను కదా, బెల్టు మీద చెక్కిన నెమలి తెల్లారేసరికి చదునైపోతోంది, దానికి వేసిన గోధుమ రంగేమో చొక్కాకి అంటుతోంది అని. రెండూ తేలాయి. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అసలు తేడా తోలులోనే ఉంది. తిరుపతిలో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన అంచు కోసి చూపించాడు. లోపల నీలం కలిసిన బూడిదరంగు! "ఇది క్రోమ్ తోలు నాయనా, దీనికి అచ్చు పట్టదు" అన్నాడు. క్రోమ్ తోలంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసింది. ఇంటికొచ్చి ఒక ముక్కను మరిగే నీళ్లలో వేస్తే ఏమీ కాలేదు. ఆయనిచ్చిన వెజ్ ట్యాన్ (చెట్ల బెరడు రసాలతో శుద్ధి చేసిన తోలు) ముక్క మాత్రం అప్పడంలా ముడుచుకుపోయింది. నాకు అమ్మినవాడు 'ప్యూర్ లెదర్' అన్నాడు, అది అబద్ధమూ కాదు, క్రోమ్‌దీ నిజం తోలే!

కొత్తగా 3 మిల్లీమీటర్ల వెజ్ ట్యాన్ పట్టీ కొన్నాను. స్పాంజితో తడిపి, పైరంగు దాదాపు మామూలుకొచ్చి, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా ఉన్నప్పుడు సుత్తితో అచ్చు కొట్టమని ఒకరు చెప్పారు చూడండి, అదే పనిచేసింది. మన ఎండలకి ఫ్యాన్ కింద ఇట్టే ఆరిపోతోంది, అందుకే మిగతా భాగం మీద తడిగుడ్డ కప్పి కొంచెం కొంచెంగా చెక్కాను. సుత్తి బరువుకీ దీనికీ సంబంధం లేదు. కిలో సుత్తి కొన్న డబ్బులు దండగ.

రంగు సంగతి: రంగు వేశాక ఒక రోజు ఆరనిచ్చి, పొడి నూలుగుడ్డతో రంగు రావడం ఆగేదాకా రుద్దాలి. నాకు నాలుగు గుడ్డలు పట్టాయి. ఆ తర్వాతే యాక్రిలిక్ ఫినిష్ (రంగు అంటకుండా పైన వేసే పూత), పల్చగా రెండు సార్లు. రెండు వారాలుగా తెల్ల చొక్కా మీదే పెట్టుకుంటున్నాను, మరక లేదు. లోపలివైపు మాత్రం ఇంకా కాస్త అంటుతోంది, అటు ఫినిష్ వేయలేదు మరి.