యాషికా మ్యాట్‌లో నిదానపు షట్టరు వేగాలు ఆగిపోతున్నాయి, సలహా కావాలి

అందరికీ నమస్కారం. మాది కడప. మా తాతగారి యాషికా మ్యాట్ 124జీ కెమెరా పదిహేనేళ్లు బీరువాలోనే ఉండిపోగా, ఈ మధ్య బయటకు తీసి, గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి ఒక 120 ఫిల్ము రోలు, అంటే పన్నెండు ఫోటోలు తీశాను. పైమూత తెరిచి చూస్తే మసక అద్దం మీద కుడి ఎడమలు తారుమారై కనిపించే ఆ ఎర్రబండల నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఫిల్ము మీదికి వెలుతురును వదిలే షట్టరు 1/60 నుంచి 1/500 సెకను వరకు బాగానే పనిచేస్తోంది గాని, 1/8, అంతకన్నా నిదానపు వేగాలు పెడితే తెరుచుకుని అలాగే ఉండిపోయి, రెండు మూడు సెకన్ల తరువాత టిక్కుమని మూసుకుంటోంది. లోపలి పాత గ్రీజు గట్టిపడిందని నా అనుమానం. ఇక కెమెరాలో వెలుతురును కొలిచే మీటరుకు కావలసిన 1.35 వోల్టుల పాదరసపు సెల్లు ఇప్పుడు దొరకనందున 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేశాను; మీటరు వెలుతురును ఎక్కువగా చూపడం వల్లనేమో, ఫిల్ముకు వెలుతురు చాలక నెగటివ్‌లన్నీ పలుచగా వచ్చాయి.

దాని బదులు వినికిడి యంత్రాల్లో వాడే 675 రకం జింక్-ఎయిర్ సెల్లును రబ్బరు రింగుతో అమర్చి వాడినవారున్నారా? మన ఎండలకు అది ఎన్నాళ్లు వస్తుంది? షట్టరును నేనే విప్పే ధైర్యం చేయలేను. తాతగారి వస్తువు పాడవుతుందన్న భయం ఉంది. కర్నూలు, అనంతపురం, తిరుపతి ప్రాంతాల్లో ఇలాంటి పాత షట్టర్లను శుభ్రం చేసే నమ్మకమైన మెకానిక్కు ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.